తావో గుళ్ళు వెతకడం, వెళ్ళడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సింగపూర్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో, ఇండియా నుంచి వచ్చిన చుట్టాలని ముందు సెరంగూన్ రోడ్డులో ఉన్న శ్రీనివాస పెరుమాళ్ గుడికి, ఆ తర్వాత చైనావాళ్ళ పాత మతమైన తావోకి చెందిన ఏదో ఒక గుడికి తీసుకెళ్ళేవాణ్ణి. రెండో గుడి గుమ్మం దగ్గరే ప్రశ్నలు మొదలయ్యేవి. చెప్పులు ఎక్కడ విడవాలి? ఆ ఎర్ర ముఖం దేవుడు ఎవరు? మనం లోపలికి వెళ్ళొచ్చా? అప్పట్లో నాకూ సగం జవాబులే తెలుసు. తర్వాత మలేషియా, హాంకాంగ్, తైవాన్, చైనా తిరిగాక మిగతా సగం తెలిశాయి. అవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

తావో మతం అంటే లావోత్సు చెప్పిన తత్వమే కదా? దానికి గుళ్ళు ఎందుకు?

లావోత్సు పేరుతో ఉన్న 'తావో తే చింగ్' 81 చిన్న అధ్యాయాల పుస్తకం. బయటి ప్రపంచానికి ఎక్కువగా తెలిసింది అదే. కానీ భగవద్గీత ఒక్కటి చదివి తిరుమల వెళ్ళినవాడికి సుప్రభాతం, కల్యాణం, తలనీలాలు, లడ్డూ అర్థమవుతాయా? ఇదీ అంతే. క్రీ.శ. 142లో సిచువాన్ కొండల్లో ఝాంగ్ దావోలింగ్ అనే ఆయనకు లావోత్సు దర్శనమిచ్చాడని నమ్ముతారు. పూజారులు, మంత్రాలు, రక్ష పత్రాలు, పండగలు ఉన్న మతంగా ఇది రూపు కట్టింది ఆయన పరంపరలోనే.

దానికి తోడు ఊరి దేవుళ్ళు కలిశారు. ఒకప్పుడు మనుషులుగా బతికి, చనిపోయాక దేవుళ్ళైనవాళ్ళు ఇక్కడ చాలామంది. ఎర్ర ముఖం, పొడవు గడ్డం ఉన్న గ్వాన్ యూ మూడో శతాబ్దం మొదట్లో యుద్ధంలో శత్రువులకు చిక్కి, వాళ్ళ చేతిలో చనిపోయిన సేనాని. సముద్రాన్ని కాపాడే మాజు తల్లి 960లో ఫుజియాన్ తీరంలో పుట్టిన జాలరి పిల్ల అని చెబుతారు. కారెంపూడిలో పల్నాటి వీరులకు ఏటా ఉత్సవం చేసుకునే మనకి ఇది వింతగా అనిపించదు.

బౌద్ధ గుడికీ తావో గుడికీ తేడా ఎలా తెలుస్తుంది?

అన్నిటికన్నా తేలికైన గుర్తు పూజారి జుట్టు. బౌద్ధ భిక్షువులు గుండు చేయించుకుంటారు. తావో మఠాల్లో ఉండేవాళ్ళు జుట్టు పెంచి నడినెత్తిన కొప్పు ముడిచి, అడ్డంగా ఒక పుల్ల గుచ్చుతారు. బట్టలు ముదురు నీలం లేదా నలుపు.

రెండో గుర్తు పేరు. చైనాలో పేరు చివర 'గ్వాన్' అని ఉంటే అది దాదాపు తావో మఠమే. 'స్స' అని ఉంటే బౌద్ధం. 'గోంగ్', 'మియావ్' అని ఉంటే మాత్రం జాగ్రత్త. గోంగ్ అంటే రాజభవనం అని కూడా అర్థం. బీజింగ్‌లో యోంగ్‌హె గోంగ్ పేరు చూసి తావో గుడి అనుకుని వెళ్ళేవాళ్ళున్నారు, తీరా అది టిబెట్ సంప్రదాయపు బౌద్ధాలయం. మియావ్ అనే మాట కన్ఫ్యూషియస్ గుడికీ వాడతారు. ఊరు మారితే ఉచ్చారణ మారుతుంది. సింగపూర్ థియన్ హాక్ కెంగ్‌లో 'కెంగ్' ఆ గోంగే. హాంకాంగ్‌లో గ్వాన్ 'కూన్' అవుతుంది.

చైనా బయట ఈ గీత చాలా చోట్ల చెరిగిపోయింది. ముందు గదిలో మాజు, వెనక గదిలో బౌద్ధుల కరుణ దేవత గ్వాన్‌యిన్ ఉన్న గుళ్ళు ఎన్నో. భక్తులకు ఆ పట్టింపు లేదు. మీరూ పెట్టుకోకండి.

మన దేశంలో చూడొచ్చా?

చూడొచ్చు. మన రెండు రాష్ట్రాల నుంచి దగ్గర అంటే కోల్‌కతా, ముంబై.

కోల్‌కతా టిరెట్టా బజార్‌లో, బ్లాక్‌బర్న్ లేన్ చుట్టుపక్కల చైనా వలసవాళ్ళు కట్టుకున్న పాత గుళ్ళున్నాయి. వాటిని అక్కడ 'చర్చి' అని పిలుస్తారు, సీ ఇప్ చర్చి, టూంగ్ ఆన్ చర్చి అని. ఆ పేరు చూసి వెనక్కి వచ్చేయకండి. లోపల ఉండేది గ్వాన్‌యిన్, గ్వాన్ యూ. పొద్దున్నే వెళితే వీధిలో చైనా టిఫిన్లు కూడా దొరుకుతాయి. విశాఖ నుంచి రాత్రి రైలెక్కి చూసి రాదగ్గవి. ఊరి బయట బజ్ బజ్ దాటాక అచిపూర్ ఉంది. వారెన్ హేస్టింగ్స్ కాలంలో భూమి తీసుకుని చక్కెర మిల్లు పెట్టిన టోంగ్ అచ్యూ అనే చైనా ఆయన పేరు మీదే ఆ ఊరు. ఆయన సమాధీ, భూదేవతల జంటకు చిన్న గుడీ అక్కడే ఉన్నాయి. చుట్టుపక్కల బెంగాలీలు ఆ జంటని ఖుదా-ఖుది అంటారు. చైనా కొత్త సంవత్సరం తర్వాత కోల్‌కతా చైనావాళ్ళు కుటుంబాలతో వెళ్ళేది అక్కడికే.

ముంబై మజ్‌గావ్‌లో డాక్‌యార్డ్ రోడ్ స్టేషన్ దగ్గర 1919 నాటి సీ యుప్ కూన్ గుడి ఉంది. చిన్న మేడ, పై అంతస్తులో గ్వాన్ యూ. వీధిలోంచి చూస్తే మామూలు ఇల్లే అనిపిస్తుంది.

సింగపూర్‌లో ఒక్క రోజే ఉంటాం. ఏది చూడాలి?

తెలోక్ ఆయర్ వీధిలోని థియన్ హాక్ కెంగ్. ఎవరడిగినా ముందు అదే చెబుతాను. 1839 నుంచి 1842 వరకు కట్టారు. ఇప్పుడు చుట్టూ ఆఫీసు భవనాలే కానీ, ఒకప్పుడు ఆ వీధే సముద్రపు ఒడ్డు. ఫుజియాన్ నుంచి పడవల్లో వచ్చినవాళ్ళు ప్రాణాలతో దిగగానే మాజు తల్లికి మొక్కు చెల్లించుకున్న చోటు అది. గుమ్మం దగ్గర నిలబడి ఒక్క నిమిషం ఎదురుగా నీళ్ళు ఉన్నాయని ఊహించుకోండి, అప్పుడు గుడి అర్థమవుతుంది. అదే వీధిలో, నాలుగు అడుగుల దూరంలో, తమిళ ముస్లింలు కట్టుకున్న నాగూర్ దర్గా ఉంది. వాళ్ళూ అదే సముద్రం దాటి వచ్చారు.

ఇంకో గంట ఉంటే వాటర్లూ వీధి. అక్కడ గ్వాన్‌యిన్ గుడి, 1870లో మొదలైన శ్రీకృష్ణుడి గుడి దాదాపు పక్కపక్కనే ఉంటాయి. చైనా భక్తులు గ్వాన్‌యిన్‌కి మొక్కి, అదే ఊపులో కృష్ణుడి గుమ్మం ముందు కూడా అగరుబత్తీలు వెలిగిస్తారు. వాళ్ళ కోసం మన గుడివాళ్ళు బయట పెద్ద ధూపపాత్ర పెట్టారు. నేను మొదటిసారి చూసినప్పుడు కదలకుండా చాలాసేపు నిలబడిపోయాను.

పిల్లలూ పెద్దవాళ్ళూ ఉండి, కారు దొరికితే చాంగీ వైపు లోయాంగ్ తువా పెక్ కోంగ్ గుడికి వెళ్ళండి. తావో దేవుళ్ళు, బుద్ధుడు, మన వినాయకుడు, ఒక ముస్లిం పెద్దాయన సమాధి మందిరం, అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి.

మలేషియాలో?

కౌలాలంపూర్ పెటాలింగ్ వీధి దగ్గర మహామారియమ్మన్ గుడికి మనవాళ్ళు ఎలాగూ వెళతారు. గోపురానికి దణ్ణం పెట్టి వెనక్కి తిరిగితే, రోడ్డుకి అవతల గ్వాన్ యూ గుడి కనిపిస్తుంది. ఐదు నిమిషాలు నడిస్తే 1864లో అక్కడి చైనావాళ్ళ నాయకుడు యాప్ ఆ లాయ్ కట్టించిన సిన్ స్జె సి యా గుడి. అది వీధికి ఏటవాలుగా ఉంటుంది, దారి సన్నం, అడిగి వెళ్ళడం మేలు.

పెనాంగ్‌లో పాముల గుడి చాలా ప్రసిద్ధి. బలిపీఠం చుట్టూ కొమ్మల మీద నిజంగానే విషసర్పాలుంటాయి. కదలవు కదా అని చెయ్యి పెట్టకండి. మలక్కాలో చెంగ్ హూన్ తెంగ్ 17వ శతాబ్దం నాటిది, అదే వీధి వరసలో వినాయకుడి గుడి, మసీదు కూడా ఉన్నాయి.

హాంకాంగ్, తైవాన్‌లలో మరిచిపోకూడనివి?

హాంకాంగ్ వోంగ్ తాయ్ సిన్ గుడికి అదే పేరుతో మెట్రో స్టేషన్ ఉంది, దిగితే ఎదురుగానే గుడి. రాళ్ళని గొర్రెలుగా మార్చిన గొర్రెల కాపరి ఆ దేవుడు. ప్రశాంతత కావాలంటే హాలీవుడ్ రోడ్డులోని మాన్ మో గుడి. పైకప్పు నుంచి గంటల్లా వేలాడే చుట్టల అగరుబత్తీలు రోజుల తరబడి కాలుతూనే ఉంటాయి. పొగకి కళ్ళు మండుతాయి, ఆస్తమా ఉన్నవాళ్ళు బయటి నుంచే దణ్ణం పెట్టుకోవడం మంచిది.

తైపేలో నాకు బాగా నచ్చింది శింగ్‌తియన్ గుడి. 2014లో వాళ్ళు ధూపం పూర్తిగా మానేశారు. చేతులు జోడిస్తే చాలన్నారు. అక్కడ నీలం అంగీలు వేసుకున్న స్వచ్ఛంద సేవకులు డబ్బు తీసుకోకుండా 'షోజింగ్' చేస్తారు. మన ఊళ్ళో పిల్లలు జడుసుకుంటే పెద్దవాళ్ళు దిష్టి తీసి, మంత్రం వేసి పంపుతారే, సరిగ్గా అలాంటిదే. సూటు వేసుకున్న ఆఫీసు మనుషులు కూడా వరసలో నిలబడతారు. పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లలు, ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చినవాళ్ళు కూడా. ఆ వరసలో నిలబడటానికి మీరు ఏ మతంవాళ్ళో ఎవరూ అడగరు.

చైనాలో చదువుకుంటున్నాను. మా ఊళ్ళో గుడి ఎలా వెతకాలి?

మెడిసిన్ చదవడానికి వెళ్ళిన మన పిల్లల కోసం ఇది కాస్త వివరంగా చెబుతాను.

గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకోకండి. గావోడె లేదా బైడూ మ్యాప్ పెట్టుకుని, గుడి పేరు చైనా లిపిలో వెతకండి. చైనా స్నేహితుల చేత 'దావోగ్వాన్' అనే మాట రాయించుకుని ఫోన్‌లో దాచుకుంటే ఏ ఊరు వెళ్ళినా పనికొస్తుంది. వచ్చిన జాబితాలో కొన్ని ఇప్పుడు గుళ్ళు కావు, మ్యూజియంలు. నాన్‌జింగ్ చావోతియన్ గోంగ్ అలాంటిదే. లోపలి ఫోటోల్లో కొప్పు ముడిచిన పూజారులు, పొగ వస్తున్న ధూపపాత్ర కనిపిస్తే అది పూజ జరిగే గుడి.

వూహాన్‌లో ఉంటే చాంగ్‌చున్ గ్వాన్. చెంగ్డూలో చింగ్‌యాంగ్ గోంగ్. అక్కడ రెండు కంచు మేకల్లో ఒకదానికి పన్నెండు రాశి జంతువుల లక్షణాలూ ఉంటాయి, చెవి ఒకదానిది, ముక్కు ఇంకోదానిది. జనం తడిమి తడిమి అది నిగనిగలాడుతుంది. షియాన్‌లో అష్ట సిద్ధుల గుడి బాశియన్ ఆన్, కాస్త దూరంలో లావోత్సు తన పుస్తకం రాసిచ్చాడని చెప్పే లౌగ్వాన్‌తాయ్. సుజౌ నడిబొడ్డున, బట్టల షాపుల మధ్య, శ్వాన్‌మియావ్ గ్వాన్ ఉంది. దాని పెద్ద హాలు 1179 నాటిది. చ్వాన్‌జౌ దగ్గర చింగ్‌యువాన్ కొండ కింద ఒకే బండలో చెక్కిన లావోత్సు విగ్రహం, ఐదున్నర మీటర్ల ఎత్తు, సోంగ్ రాజుల కాలంది. తాతయ్య చాప మీద కూర్చున్నట్టే ఉంటాడు.

బీజింగ్ వెళ్ళే అవకాశం వస్తే బైయున్ గ్వాన్ వదలకండి. చైనా తావో సంఘం కేంద్రం అదే. 1222లో హిందూకుష్ కొండల దాకా ప్రయాణం చేసి చెంగిజ్ ఖాన్‌ని కలిసిన తావో గురువు చ్యూ చూజీ సమాధి అక్కడే ఉంది. ఖాన్ చావు లేకుండా చేసే మందు అడిగాడట. ఆయుష్షు పెంచుకునే మార్గాలున్నాయి కానీ చావు లేకుండా చేసే మందు లేదని ముసలాయన చెప్పాడు. అంత పెద్ద చక్రవర్తి ముందు ఆ మాట చెప్పగలిగినవాడి గుడి అది.

కొండల మీది గుళ్ళకి వెళ్ళగలమా? అమ్మానాన్నలతో?

వుడాంగ్ కొండకి వెళ్ళొచ్చు. శిఖరం 1,612 మీటర్లు, కానీ పై దాకా కేబుల్ కార్ ఉంది. దిగాక మిగిలే మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులుంటే కర్ర తప్పనిసరి. పైన 1416లో కట్టిన కంచు గుడి, బంగారు పూతతో. కింద జిషియావ్ గోంగ్‌లో సాయంత్రం పూజారుల పారాయణ వినండి. శిఖరం కన్నా అదే నాకు ఎక్కువ గుర్తుంది. చెంగ్డూ దగ్గర చింగ్‌చెంగ్ కొండ తక్కువ ఎత్తు, చెట్ల నీడ, పెద్దవాళ్ళకి అనుకూలం. తాయ్‌షాన్‌కి వేల మెట్లు, కుర్రవాళ్ళు రాత్రంతా ఎక్కి సూర్యోదయం చూస్తారు. హ్వాషాన్ మాత్రం ఎత్తంటే భయం లేనివాళ్ళకే.

ఏ రోజు వెళ్ళాలి?

ఇక్కడ మన పంచాంగం చక్కగా పనికొస్తుంది. వాళ్ళ చాంద్రమాసం అమావాస్య రోజుతో మొదలవుతుంది, మనది ఆ మర్నాడు పాడ్యమితో. గుళ్ళు కిటకిటలాడేది నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు. అంటే ఇంచుమించు మన అమావాస్య, పౌర్ణమి. ప్రశాంతంగా చూడాలంటే ఆ రెండూ వదిలేయండి, భక్తి చూడాలంటే ఆ రోజుల్లోనే వెళ్ళండి.

స్వర్గాన్ని ఏలే దేవుడు జేడ్ చక్రవర్తి పుట్టినరోజు మొదటి నెల తొమ్మిదో రోజు. 2024లో రథసప్తమి ఫిబ్రవరి 16న వచ్చింది, ఆయన పుట్టినరోజు 18న. మాజు పుట్టినరోజు మూడో నెల 23. ఏడో నెల పౌర్ణమికి పితృదేవతలకు పెడతారు, మన మహాలయ పక్షం కన్నా దాదాపు నెల ముందు.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది తొమ్మిది చక్రవర్తులు అనే దేవుళ్ళ పండగ. తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు. మలేషియాలో అంపాంగ్, పెనాంగ్, థాయ్‌లాండ్‌లో ఫుకెట్ దీనికి పేరు. భక్తులు తెల్లబట్టలు కట్టి, మాంసం మానేసి, ఒక్క పొద్దు ఉన్నట్టు ఉంటారు. 2022, 2023లలో అది సరిగ్గా మన దేవీ నవరాత్రులు మొదలైన రోజునే మొదలైంది. 2025లో మాత్రం వాళ్ళకి ఆరో నెల అధికమాసం వచ్చింది కాబట్టి దాదాపు నెల తేడా పడింది. అందుకే ప్రయాణం పెట్టుకునే ముందు ఆ ఏడు తేదీ చూసుకోండి.

ఇంకో సంగతి. మన గుళ్ళు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. అక్కడ చాలా గుళ్ళు మధ్యాహ్నం తెరిచే ఉంటాయి, సాయంత్రం తొందరగా మూసేస్తారు. పొద్దున వెళ్ళడమే మంచిది.

చెప్పులు విప్పాలా?

అక్కర్లేదు. మనవాళ్ళకి మింగుడుపడని జవాబు ఇదే. మా అత్తయ్య ఎంత చెప్పినా వినకుండా గుమ్మం బయట విప్పేసింది, ఎండకి కాలిన రాతి మీద గంతులేసి మళ్ళీ తొడుక్కుంది. చెప్పులతోనే వెళ్ళొచ్చు. అయితే మోకరిల్లడానికి వేసిన మెత్తల మీద చెప్పులతో నిలబడకూడదు, మోకాళ్ళే ఆనించాలి. ఎక్కడైనా బయట చెప్పులు విడిచి ఉంటే మీరూ విడవండి.

గుమ్మం దగ్గర ఏం చూసుకోవాలి?

గడప ఎత్తుగా ఉంటుంది. తొక్కకూడదు, దాటాలి. ఈ సంగతి తెలుగు ఇంట్లో పెరిగినవాళ్ళకి ఒకరు చెప్పే పని లేదు. మూడు ద్వారాలుంటే మధ్యది దేవుడిది. గుడికి ఎదురుగా నిలబడితే మీ కుడి వైపుది డ్రాగన్ ద్వారం, లోపలికి అటు నుంచి. ఎడమ వైపుది పులి ద్వారం, బయటికి అటు నుంచి.

అగరుబత్తీ ఎలా వెలిగించాలి? ఏ చెయ్యి?

మామూలుగా మూడు. వెలిగించాక మంటని నోటితో ఊదకూడదు, చేత్తో విసిరి ఆర్పాలి. రెండు చేతులతో నుదుటి ఎత్తుకి పట్టుకుని మూడుసార్లు వంగండి. సింగపూర్, తైవాన్ గుళ్ళలో ముందు బయటి పాత్ర దగ్గర ఆకాశం వైపు తిరిగి మొక్కుతారు, తర్వాతే లోపలి దేవుళ్ళకి.

గుచ్చేటప్పుడు ఎడమ చెయ్యి. అవును, ఎడమ చెయ్యే. తావో పద్ధతిలో ఎడమ శుభం. నమస్కారంలో కూడా ఎడమ చెయ్యి కుడి పిడికిలిని కప్పుతుంది. నేను చాలా రోజులు కుడి చేత్తోనే గుచ్చాను, ఒక ముసలావిడ నవ్వుతూ నా చెయ్యి మార్చింది. పొరపాటు చేస్తే ఎవరూ కోప్పడరు. మామూలు దణ్ణం పెట్టినా తప్పు లేదు.

చైనాలో చాలా పెద్ద గుళ్ళలో టికెట్‌తో పాటు మూడు బత్తీలు ఉచితంగా ఇస్తారు, బయటి నుంచి తెచ్చినవి ఒప్పుకోరు. కాబట్టి బయట కొనకండి.

బలిపీఠం మీద మాంసం ఉంది. శాకాహారులం, ఏం చేయాలి?

ఊరి గుళ్ళలో కోడి, పంది మాంసం నైవేద్యం పెడతారు. మన గ్రామదేవతల దగ్గర కోడిని కోసినట్టే, అందులో వింత లేదు. దాన్ని మీరు తీసుకోనవసరం లేదు. మీ వంతుగా కమలాపండ్లు, పూలు పెడితే చాలు. కాసేపయ్యాక పండ్లు ఇంటికి తెచ్చుకుని తినొచ్చు, అది ప్రసాదమే.

మఠాల సంగతి వేరు. చ్వాన్‌జెన్ శాఖ సన్యాసులు పూర్తి శాకాహారులు. వెల్లుల్లి, ఉల్లి జాతి కూడా ముట్టరు. మఠంలో భోజనం దొరికితే తప్పక తినండి. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చి వదలకండి, చనిపోయినవాళ్ళకి బత్తీలు గుచ్చినట్టు ఉంటుంది. మాంసం తినే తావో భక్తుల్లో కూడా ఆవు మాంసం ముట్టనివాళ్ళున్నారు. జీవితమంతా మనిషి కోసం కష్టపడిన జంతువు అని వాళ్ళు చెప్పే కారణం.

నవరాత్రుల్లాంటి ఆ తొమ్మిది రోజుల్లో మలేషియా, థాయ్‌లాండ్ వీధుల్లో పసుపు జెండా కట్టిన బండి కనిపిస్తే నిశ్చింతగా తినొచ్చు, అది శాకాహారమే.

గలగలలాడించే ఆ పుల్లల డబ్బా ఏమిటి?

దేవుణ్ణి ప్రశ్న అడగడం. మోకరిల్లి, పేరు, ఊరు, ప్రశ్న మనసులో చెప్పుకుని, డబ్బా వంచి ఊపుతూ ఉంటే ఒక పుల్ల జారి పడుతుంది. వోంగ్ తాయ్ సిన్‌లో అలాంటివి 100. పుల్ల మీది అంకెని బట్టి ఒక పద్యం ఇస్తారు, దానికి అర్థం చెప్పేవాళ్ళు వేరే కూర్చుంటారు.

ఆ పుల్ల దేవుడు ఇచ్చిందేనా అని మళ్ళీ అడగడానికి నెలవంక ఆకారంలో రెండు చెక్కలుంటాయి. ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. కింద వేస్తే ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే అవునని. రెండూ చదును వైపు పైకి ఉంటే దేవుడు నవ్వాడని, ప్రశ్న సరిగా అడగలేదని. రెండూ బోర్లా పడితే కాదని. దేవుడి పటం ముందు చీటీలు వేసి అడిగే అలవాటున్న ఇళ్ళలో దీన్ని వివరించే పని ఉండదు. వేడుకకి మాత్రం ఊపకండి. పక్కన మోకరిల్లినామె ఏ కష్టంతో వచ్చిందో మనకి తెలియదు.

ఒకే గదిలో అరవై విగ్రహాలున్నాయి. ఎవరు వాళ్ళు?

అరవై సంవత్సరాల అధిపతులు. నాకు ఈ గుళ్ళ మీద ప్రేమ పుట్టింది ఆ గదిలోనే. ప్రభవ నుంచి అక్షయ దాకా మనకి అరవై, వాళ్ళకీ అరవై. అరవై నిండితే మనం షష్టిపూర్తి చేస్తాం, వాళ్ళూ చక్రం తిరిగి వచ్చిందనే అంటారు. లెక్క మాత్రం మూడేళ్ళు తేడా. వాళ్ళ చక్రం 1984లో మొదలైంది, మన ప్రభవ 1987లో. ఆ గదిలో ప్రతి విగ్రహం కింద పుట్టిన సంవత్సరాలు రాసి ఉంటాయి. మీది వెతికి దణ్ణం పెట్టుకోండి. జనవరిలో పుట్టినవాళ్ళు ముందు సంవత్సరంలోకి వస్తారు. బైయున్ గ్వాన్‌లో, వోంగ్ తాయ్ సిన్ గుడి నేల కింది హాలులో ఈ అరవై మందీ ఉన్నారు. మా నాన్న తన సంవత్సరం దేవుడి ముందు చాలాసేపు నిలబడి, "ఇన్నాళ్ళకి కనిపించావయ్యా" అన్నారు.

వీళ్ళంతా మన దేవుళ్ళేనా, పేర్లే వేరా?

కాదు. ప్రతి విగ్రహానికీ మన పేరు పెట్టేసే అలవాటు మంచిది కాదు, వాళ్ళ కథ వినే అవకాశం పోతుంది. మఠాల్లో ముందు గదిలో మూడు కళ్ళు, చేతిలో కొరడాతో వాంగ్ లింగ్‌గ్వాన్ కాపలా ఉంటాడు. మూడు కళ్ళు చూసి శివుడనుకోవద్దు, ఆయన ద్వారపాలకుడు. చిట్టచివరి గదిలో అందరికన్నా పెద్ద దేవుళ్ళు, ముగ్గురు పరమ పవిత్రులు. వాళ్ళలో విసనకర్ర పట్టుకున్నాయన లావోత్సు.

అయితే నిజంగా మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. నిప్పు చక్రాల మీద నిలబడి, బల్లెం పట్టుకున్న బాలదేవుడు నజా ఉన్నాడు కదా, ఆయన మూలం నలకూబరుడని పండితులు తేల్చారు. పోతన భాగవతంలో బాలకృష్ణుడు రోలు ఈడ్చి మద్ది చెట్లు కూలిస్తే శాపం తీరి బయటికొచ్చిన కుబేరుడి కొడుకు. బౌద్ధ గ్రంథాలతో పాటు చైనా చేరి, అక్కడ తావో దేవుడై, వేరే కథ, వేరే తండ్రి, వేరే ఆయుధాలు తెచ్చుకున్నాడు. మకావులో సెయింట్ పాల్ చర్చి శిథిలాల పక్కనే 1888లో కట్టిన ఆయన గుడి ఉంది, మన ఊళ్ళో పోలేరమ్మ గుడి అంత. అక్కడికి వెళితే మద్ది చెట్ల పద్యం ఒక్కసారి తలుచుకోండి.

ఫోటోలు తీయొచ్చా?

ఆవరణలో తీయొచ్చు. లోపల దేవుణ్ణి, పూజ చేస్తున్నవాళ్ళని తీయకండి. దేవుడి వైపు వేలు చూపకండి, అరచెయ్యి చూపండి.

పూజారులతో మాట్లాడొచ్చా?

చ్వాన్‌జెన్ వాళ్ళు మఠాల్లో ఉండే బ్రహ్మచారులు, జెంగ్‌యీ శాఖవాళ్ళు పెళ్ళి చేసుకుని ఇళ్ళలో ఉంటారు, మన పురోహితుల్లా పిలిస్తే వస్తారు. ఎవరినైనా 'దావోజాంగ్' అని పిలిస్తే గౌరవం. స్త్రీ సన్యాసినులనీ అలాగే పిలవొచ్చు. వయసు అడగకండి, అది వాళ్ళలో మర్యాద కాదు. ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టి "ఈ దేవుడి కథ చెప్పండి" అని అడిగితే చాలామంది ఓపికగా చెబుతారు.

మోసాలుంటాయా?

గుడి బయటే ఎక్కువ. చైనాలో ఒక ఊళ్ళో ఒకాయన ఉచితంగా ఆశీర్వాదం అని పక్క గదిలోకి తీసుకెళ్ళి, పేరు రాయించి, నిలువెత్తు బత్తీ చేతిలో పెట్టాక ధర చెప్పాడు. దేవుడి ముందు కాదనలేక ఇచ్చాను, ఆ తర్వాత రెండు రోజులు బాధపడ్డాను. ధర ముందు అడగండి. మీకు గండం ఉందని మొదలుపెట్టేవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగకండి. నిజమైన పూజారి మిమ్మల్ని వెంబడించడు. ఇవ్వాలనిపిస్తే హుండీలో వేయండి.

మేం వేరే మతం. దణ్ణం పెట్టకపోతే తప్పా?

తప్పు కాదు. బత్తీ వెలిగించమని ఎవరూ బలవంతం చేయరు. టోపీ తీసి, గొంతు తగ్గించి, పూజ చేస్తున్నవాళ్ళ ముందు నుంచి కాకుండా వెనక నుంచి నడిస్తే చాలు.

ఒక గుడికి ఎంత సమయం పెట్టుకోవాలి?

చిన్నదానికి అరగంట, బైయున్ గ్వాన్ లాంటిదానికి రెండు గంటలు. రోజుకి రెండు మించి పెట్టుకోకండి. అన్నీ చూసేశాక ఆవరణలో బెంచీ ఉంటుంది, అక్కడ ఓ పావుగంట కూర్చోండి. బూడిద ఊడ్చే మనిషి, మనవడికి వంగడం నేర్పే అమ్మమ్మ, ఆఫీసు బ్యాగుతో పరిగెత్తుకొచ్చి మూడుసార్లు వంగి వెళ్ళిపోయే అమ్మాయి, వీళ్ళు కనిపించేది అప్పుడే.